గొంతుకు యజమాని ఎవరు?

చీకటిలో తలుపు తట్టినవారు "నేనే" అంటే చాలు, పేరు చెప్పకపోయినా తలుపు తీస్తాము. ఆ ఒక్క మాటలో పేరు లేదు, ఊరు లేదు. గొంతు మాత్రమే ఉంది. మనిషిని గుర్తుపట్టడానికి ముఖం తరువాత మనం ఆధారపడేది గొంతు మీదనే. వాణిజ్య ప్రకటనల వ్యాపారం సగానికి సగం ఈ నమ్మకం మీద నడుస్తున్నది. సరుకును చూపేది బొమ్మ, నమ్మించేది గొంతు.

సినిమా హాలుకు వెళ్లే అలవాటున్న తెలుగువారికి "ఈ నగరానికి ఏమైంది" అంటూ మొదలయ్యే పొగాకు వ్యతిరేక ప్రకటన తెలియనిది కాదు. ఆ గంభీరమైన గొంతును అనుకరించని కుర్రవాడు లేడు. ఆ మూడు మాటలే 2018లో తరుణ్ భాస్కర్ దర్శకత్వంలో వచ్చిన ఒక చలనచిత్రానికి పేరైనాయి. ఒక ప్రకటన గొంతు ప్రజల నాలుకపై ఇంతగా నిలిచిన సందర్భాలు అరుదు. కాని ఆ గొంతు ఎవరిదని అడిగితే వందమందిలో ఎందరు చెప్పగలరు? గొంతు అందరికీ తెలుసు, మనిషి ఎవరికీ తెలియదు. ఈ వ్యాసంలో నేను చర్చింపదలచినది ఈ వైరుధ్యాన్నే. విలక్షణమైన గొంతును ప్రకటనకర్తలు వెదికి వెదికి వాడుకుంటారు. మరి ఆ గొంతుపై హక్కు ఎవరిది? పలికినవారిదా, పలికించినవారిదా, రికార్డు చేసి దాచుకున్నవారిదా?

గొంతు విలువను కనిపెట్టినది రేడియో

టీవీ రాకముందే రేడియో ఈ రహస్యాన్ని గ్రహించింది. 1952లో రేడియో సిలోన్‌లో అమీన్ సయానీ మొదలుపెట్టిన గీత్‌మాలా కార్యక్రమం బినాకా టూత్‌పేస్టు పేరుతోనే దేశమంతటా ప్రసిద్ధమయింది. 2024 ఫిబ్రవరిలో ఆయన కన్నుమూసినప్పుడు హిందీ అంతగా రానివారు కూడా ఆ పిలుపును తలచుకున్నారు. అదే రేడియో సిలోన్‌లో తెలుగు పాటలను పరిచయం చేసిన మీనాక్షి పొన్నుదురై గొంతును మన పెద్దలు నేటికీ గుర్తుచేసుకుంటారు. 1967లో వివిధ భారతిలో, 1976లో దూరదర్శన్‌లో వాణిజ్య ప్రకటనలు మొదలయిన తరువాత గొంతు ఒక వృత్తిగా స్థిరపడింది.

ముప్పై సెకన్ల ప్రకటనలో పలకగలిగినవి 50, 60 మాటలకు మించవు. అంత కొద్ది వ్యవధిలో సరుకు గుణాలన్నీ వివరించడం సాధ్యం కాదు. వినేవాడికి ముందుగా ఒక మనిషి పరిచయం కావాలి. అందుకే సిమెంటుకు బరువైన గొంతు, పాలపొడికి తల్లి గొంతు, ఎరువుకు పొలం గట్టున నిలబడి మాట్లాడే పెద్దరైతు గొంతు వెదుకుతారు. కొద్దిపాటి జీర, ముక్కుతో పలికే యాస, మాటకు మాటకు మధ్య విరుపు, ఇవే ఆ గొంతును వెయ్యి గొంతుల నుండి వేరు చేస్తాయి. నున్నగా తీర్చిన గొంతును విని మరచిపోతాము. విలక్షణమైన గొంతును మరచిపోలేము. మరచిపోలేని దానికి విలువ ఉంటుంది. విలువ ఉన్నచోట దొంగతనమూ ఉంటుంది.

పాడనన్న గాయనితో పాడించినట్లు

ప్రకటనలలో గొంతు ఎవరిదన్న ప్రశ్న న్యాయస్థానం ముందు స్పష్టంగా నిలిచినది అమెరికాలో. 1985లో ఫోర్డ్ మోటారు కంపెనీ కోసం యంగ్ అండ్ రూబికామ్ అనే ప్రకటనల సంస్థ, పాతపాటలతో కొన్ని ప్రకటనలు తలపెట్టింది. గాయని బెట్ మిడ్లర్‌ను తన పాట పాడమని అడగబోతే ఆమె తరఫువారు కుదరదన్నారు. అప్పుడా సంస్థ ఏమి చేసింది? మిడ్లర్ వెనుక పదేళ్లపాటు వంతపాట పాడిన మరొక గాయనిని పిలిపించి, వీలైనంతవరకు మిడ్లర్ లాగే పాడమన్నది. ప్రకటన విన్నవారు అది మిడ్లర్ గొంతేననుకున్నారు.

పాట కాపీరైటు ఉన్నవారి నుండి ప్రకటనకర్తలు సక్రమంగా అనుమతి పొందారు. మిడ్లర్ పేరు గాని, బొమ్మ గాని ఎక్కడా వాడలేదు. గొంతు కూడా ఆమెది కాదు. కనుక నేరమేమున్నదని వారి వాదన. కింది కోర్టు ఆ వాదనను ఒప్పుకున్నది. కాని 1988లో తొమ్మిదవ సర్క్యూట్ అప్పీలు న్యాయస్థానం దానిని తోసిపుచ్చింది. గొంతుకు కాపీరైటు లేదన్న మాట నిజమే అయినా, మనిషి గుర్తింపులో గొంతు ముఖమంత ముఖ్యమనీ, ప్రసిద్ధురాలైన గాయని విలక్షణమైన గొంతును సరుకు అమ్ముకోవడానికి కావాలని అనుకరింపజేస్తే అది ఆమె గుర్తింపును అపహరించడమేననీ తేల్చింది. తరువాత జ్యూరీ ఆమెకు 4 లక్షల డాలర్ల పరిహారం ఇప్పించింది.

గాయకుడు టామ్ వెయిట్స్ కథ ఇంకా విచిత్రం. కళాకారులు ప్రకటనలకు పాడరాదని ఆయన బహిరంగంగా చెబుతూ వచ్చారు. ఒక చిరుతిండి ప్రకటనకు ఆయన బొంగురు గొంతునే అనుకరింపజేశారు. ప్రకటనలను నిరసించిన మనిషి గొంతుతోనే ప్రకటన చేశారన్నమాట! 1992లో అప్పీలు న్యాయస్థానం ఫ్రిటో లే కంపెనీ చెల్లించవలసిన పరిహారంలో అధిక భాగాన్ని, సుమారు 25 లక్షల డాలర్లను, ఖాయం చేసింది. ఈ రెండు తీర్పులు మనకు నేర్పే పాఠం ఒకటే. గొంతును అమ్ముకునే హక్కులో అమ్మకుండా ఉండే హక్కు కూడా ఉన్నది.

మన న్యాయస్థానాలు ఎంతవరకు వచ్చాయి

మన దేశంలో గొంతుకంటూ ప్రత్యేకమైన చట్టం లేదు. న్యాయస్థానాలే ఇటుక మీద ఇటుక పేర్చుకుంటూ వస్తున్నాయి. 1994లో ఆటో శంకర్ ఆత్మకథ విషయమై ఆర్. రాజగోపాల్ వర్సెస్ తమిళనాడు ప్రభుత్వం కేసులో సుప్రీంకోర్టు, ఒకరి పేరును, పోలికను వారి అనుమతి లేకుండా ప్రకటనలకు వాడుకోవడం గోప్యతకు భంగమేనని సూచించింది. 2017లో పుట్టస్వామి తీర్పు గోప్యతను ప్రాథమిక హక్కుగా నిలబెట్టింది.

ఈ పునాది మీద వచ్చినవే తరువాతి ఉత్తర్వులు. 2010లో గాయకుడు దలేర్ మెహందీ పోలికలతో పాట పాడే బొమ్మలను అమ్మినవారికి ఢిల్లీ హైకోర్టు అడ్డుకట్ట వేసింది. 2015లో మద్రాసు హైకోర్టు రజనీకాంత్ పేరును, పోలికను, సంభాషణ పలికే తీరును ఆయన అనుమతి లేకుండా వాడరాదన్నది. 2022 నవంబరులో ఢిల్లీ హైకోర్టు అమితాబ్ బచ్చన్ పేరుతో, బొమ్మతో పాటు గొంతును కూడా కాపాడుతూ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. 2023లో అనిల్ కపూర్‌కు అటువంటి రక్షణే లభించింది. 2024 జులైలో బొంబాయి హైకోర్టు ఒక అడుగు ముందుకు వేసి, గాయకుడు అరిజీత్ సింగ్ గొంతును కృత్రిమ మేధ సాయంతో తయారుచేసి ఇచ్చే సాధనాలకే కళ్లెం వేసింది. 2025 సెప్టెంబరులో చిరంజీవికి హైదరాబాదు సిటీ సివిల్ కోర్టు, నాగార్జునకు ఢిల్లీ హైకోర్టు ఇటువంటి ఉత్తర్వులే ఇచ్చాయి.

ఇది హర్షింపదగిన పరిణామమే. కాని ఈ పేర్లను మరొకసారి చదివి చూడండి. వీరంతా దేశం ఎరిగినవారు. న్యాయస్థానం వారికి రక్షణ ఇచ్చినది వారి గొంతు ప్రసిద్ధమయినందువల్ల. ప్రసిద్ధి లేని గొంతు మాటేమిటి?

ముఖం ఒకరిది, గొంతు మరొకరిది

తెలుగు సినిమా ఈ ప్రశ్నను మరింత చిక్కు చేస్తుంది. రాజశేఖర్, సుమన్ నటించిన ఎన్నో చిత్రాలలో వినబడే గొంతు సాయికుమార్‌ది. ప్రేక్షకుడు ఆ గొంతును తెరమీది నటుడి ముఖంతో జోడించి గుర్తుపెట్టుకున్నాడు. రేపు ఎవరైనా ఒక ప్రకటనలో ఆ గొంతును అనుకరింపజేస్తే నష్టపోయినది ఎవరు? జనం గుర్తుపట్టిన నటుడా, గొంతునిచ్చిన కళాకారుడా?

నా అభిప్రాయంలో గొంతు దానిని పుట్టించిన దేహానిదే. జనం దానిని ఏ ముఖానికి అతికించుకున్నారన్నది రెండవ విషయం. సాయికుమార్ తానే నటుడై పేరు పొందారు గనుక ఆయన గొంతు నేడు అందరికీ తెలుసు. కాని ప్రకటనలకు గొంతునిచ్చే వేలాదిమంది తెర ముందుకు రారు. వారి పేరు ప్రకటనలో పడదు. ముప్పై సెకన్లలో పేరు వేయడానికి చోటెక్కడ అంటారు. పేరు లేనందున ప్రసిద్ధి లేదు. ప్రసిద్ధి లేనందున ప్రసిద్ధులకు దొరికే రక్షణ లేదు. ఇదొక విషవలయం.

ఈ వలయం ఎక్కడికి దారితీస్తుందో న్యూయార్కులో నడుస్తూ వచ్చిన ఒక వ్యాజ్యం చెబుతుంది. పాల్ లేర్‌మన్, లినియా సేజ్ అనే ఇద్దరు గాత్ర కళాకారులకు ఇంటర్నెట్టు ద్వారా చిన్న పనులు వచ్చాయి. ఒకరికి ఇది పరిశోధన కోసమని, మరొకరికి రేడియో ప్రకటనల నమూనా పాఠాలని చెప్పి రికార్డింగులు తీసుకున్నారనీ, ఒకరికి 1200, మరొకరికి 400 డాలర్లు ముట్టాయనీ, ఆపైన తమ గొంతుల నకళ్లకు వేరే పేర్లు తగిలించి లోవో అనే కంపెనీ అమ్మకానికి పెట్టిందనీ వారి ఆరోపణ. 2024లో దావా వేశారు. 2025 జులైలో న్యాయమూర్తి వారి ఫిర్యాదులో ట్రేడ్‌మార్కు చట్టం కింది వాదాలను, కాపీరైటు వాదాలలో చాలావాటిని కొట్టివేశారు. ఒప్పంద భంగం, న్యూయార్కు రాష్ట్ర చట్టాల కింది వాదాలు మాత్రం ముందుకు సాగవచ్చునన్నారు. అంటే పేరు లేని కళాకారుడికి ఆదరువుగా మిగిలినవి రెండు. ఒకటి, తాను రాయించుకున్న ఒప్పందం. రెండు, తన రాష్ట్రం ముందుచూపుతో చేసుకున్న చట్టం. రెండవది మనకు లేదు. కనుక మొదటిదానిని మనం ప్రాణంగా చూసుకోవాలి.

మన కాపీరైటు చట్టం ఇచ్చేది ఎంత

1957 నాటి కాపీరైటు చట్టం ప్రదర్శకులకు కొన్ని హక్కులు ఇచ్చింది. ప్రదర్శకుడంటే ఎవరో చెబుతూ నటుడు, గాయకుడు, వాద్యకారుడు, నర్తకుడు అని మొదలుపెట్టి, గారడీవాడిని, పాములవాడిని, ఉపన్యాసకుడిని కూడా చేర్చి, చివరకు ప్రదర్శన చేసే మరెవరైనా అన్నది. గాత్ర కళాకారుడు ఈ చివరి మాటలోకి వస్తాడు. 38వ సెక్షను ప్రకారం ప్రదర్శకుడి హక్కు 50 సంవత్సరాలు ఉంటుంది. 2012 సవరణ ద్వారా వచ్చిన 38బి సెక్షను, ప్రదర్శకుడిగా తన పేరు చెప్పించుకునే హక్కును, తన ప్రతిష్ఠకు భంగం కలిగేలా ప్రదర్శనను వికృతం చేయకుండా ఆపే హక్కును ఇచ్చింది.

అయితే ఇందులో రెండు చిల్లులు ఉన్నాయి. ఒకటి, వాడకం తీరును బట్టి పేరు వదలివేయవలసి వస్తే పేరు చెప్పనవసరం లేదన్నారు. ముప్పై సెకన్ల ప్రకటనకు ఈ మినహాయింపు చొక్కా కొలిచి కుట్టినట్లు సరిపోతుంది. రెండవది మరింత ప్రమాదకరం. దృశ్యంతో కూడిన ప్రకటన చట్టం దృష్టిలో సినిమాటోగ్రాఫ్ చిత్రమే. అటువంటి చిత్రంలో ఎవరి ప్రదర్శన యాదృచ్ఛికమో, నామమాత్రమో అయి, పరిశ్రమ ఆనవాయితీ ప్రకారం వారి పేరు ఎక్కడా వేయరో, వారిని వికృతీకరణను ఆపే హక్కు విషయంలో తప్ప ప్రదర్శకులుగానే పరిగణించరాదని అదే సవరణ అంటున్నది. ప్రకటన మొదటి నుండి చివరి వరకు నడిపించే గొంతు నామమాత్రం ఎలా అవుతుందని మనం వాదించవచ్చు, వాదించాలి కూడా. కాని ఎదుటి పక్షపు న్యాయవాది చేతికి ఆయుధం ఇచ్చినది ఆ పేరు లేకపోవడమే. పేరు వేయమనడం కీర్తికాంక్ష అని నవ్వేవారికి నా సమాధానం ఇది. పేరు ఒక సాక్ష్యం. అది పోతే హక్కులో సగం పోయినట్లే.

ఇక చట్టం ఇచ్చిన బలాలు కూడా తెలుసుకోవాలి. 39ఎ సెక్షను వల్ల హక్కుల బదలాయింపుకు సంబంధించిన 18, 19 సెక్షన్లు ప్రదర్శకులకూ వర్తిస్తాయి. వాటి ప్రకారం బదలాయింపు రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. కాలపరిమితి రాయకపోతే 5 సంవత్సరాలని, ప్రాంతం రాయకపోతే భారతదేశం మాత్రమేనని భావించాలి. ఒప్పందం నాటికి లేని, లేదా వ్యాపార వాడుకలోకి రాని మాధ్యమానికి, పేరు పెట్టి రాసుకుంటే తప్ప ఆ బదలాయింపు వర్తించదు. పదేళ్ల క్రితం రేడియో ప్రకటన కోసం ఇచ్చిన గొంతును నేడు యంత్రానికి మేతగా వేస్తే, ఈ వాక్యమే మన మొదటి అడ్డుగోడ. తన హక్కుకు భంగం కలిగినవారు తాము నివసించే జిల్లాలోని న్యాయస్థానంలోనే దావా వేయడానికి 62వ సెక్షను వీలు కల్పిస్తున్నది. ప్రకటనల సంస్థ ముంబయిలో ఉన్నదని హోసూరువారు ముంబయి వెళ్లనక్కరలేదు.

చనిపోయినవారి గొంతు

2020 సెప్టెంబరులో మనలను విడిచివెళ్లిన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గొంతు, 2023లో విడుదలయిన కీడా కోలా చిత్రంలో కృత్రిమ మేధ ద్వారా వినిపించిందని, తమ అనుమతి లేదని ఆయన కుమారుడు చరణ్ చిత్ర నిర్మాతలకు లాయరు నోటీసు పంపిన సంగతి 2024లో పత్రికలలో వచ్చింది. ఆ రోజుల్లోనే ఎ.ఆర్. రహమాన్, లాల్ సలామ్ చిత్రంలోని ఒక పాటకు దివంగత గాయకులు బంబా బాక్యా, షాహుల్ హమీద్ గొంతులను అదే విధంగా పునఃసృష్టించి, కుటుంబాల అనుమతి పొందామనీ, తగిన ప్రతిఫలం చెల్లించామనీ ప్రకటించారు. సాంకేతికత ఒక్కటే, అడగడంలోనే తేడా ఉన్నది.

కుటుంబాల హక్కు విషయంలో మన చట్టం ఇంకా బలహీనంగానే ఉంది. సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ తండ్రి వేసిన దావాలో 2023లో ఢిల్లీ హైకోర్టు, అటువంటి వ్యక్తిత్వ హక్కులు వ్యక్తితోనే అంతరిస్తాయని, వారసులకు సంక్రమించవని అభిప్రాయపడింది. సినిమా పాట వరకు అభిమానమనే మాట ఒకటి అడ్డం పెట్టుకోవచ్చు. చనిపోయిన గాయకుడి గొంతుతో రేపు ఒక పాన్ మసాలాను, ఒక జూద క్రీడను పొగిడిస్తే? బ్రతికి ఉంటే నోరారా కాదనగలిగిన మనిషి కాదనలేని స్థితిలో ఉన్నప్పుడు, ఆయన మౌనాన్ని అంగీకారంగా తీసుకోవడం ధర్మం కాదు.

రెండు ఆక్షేపణలు

గొంతుకు ఇంత హక్కు ఇస్తే అనుకరణ కళ చచ్చిపోదా అని కొందరు అడుగుతారు. నేరెళ్ల వేణుమాధవ్ వంటి మహాకళాకారుడిని కన్న జాతి మనది. 2001లో పద్మశ్రీ అందుకున్న ఆయన ఎన్ని గొంతులను తన గొంతులో బ్రతికించారో లెక్కలేదు. కాని వేదిక మీది అనుకరణలో వినేవాడికి అది అనుకరణ అని తెలుసు. చప్పట్లు అనుకర్తకే దక్కుతాయి. ప్రకటనలో వినేవాడికి తెలియదు. తెలియకూడదన్నదే అక్కడ ఉద్దేశం. ఒకటి కళ, రెండవది వంచన. హాస్యానికి, వ్యంగ్యానికి, విమర్శకు చోటు ఉంటుందని అనిల్ కపూర్ ఉత్తర్వులోనే ఢిల్లీ హైకోర్టు గుర్తించింది.

రెండవ ఆక్షేపణ మన ఉద్యమం లోపలి నుండే వస్తుంది. తెలుగు యంత్రాలలో నిలవాలంటే మన గొంతులు యంత్రాలకు అందాలి కదా, కేంద్రప్రభుత్వపు భాషిణి కార్యక్రమం భాషాదాన్ పేరుతో గొంతులను దానంగా అడుగుతున్నది కదా, మీరు జనాన్ని భయపెడితే రేపటి యంత్రానికి మన సరిహద్దు తెలుగు అర్థమే కాకుండా పోదా అని. ఇది తోసివేయరాని ప్రశ్న. యంత్రం మన నుడిని విని అర్థం చేసుకోవడానికి గొంతునివ్వడం భాషాసేవ, అది తప్పక చేయాలి. అయితే అర్థం చేసుకోవడం వేరు, మన గొంతుతో తానే మాట్లాడి సరుకు అమ్మడం వేరు. ఊరి బావికి స్థలం రాసి ఇచ్చినవాడు ఆ స్థలంలో దుకాణం పెట్టుకోమని రాసి ఇవ్వలేదు. ఏ ప్రయోజనానికి ఇచ్చామో ఆ ప్రయోజనానికే వాడాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం మూలసూత్రం కూడా ఇదే. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. అమలుకు దశలవారీ గడువులు పెట్టారు.

సరిహద్దు జిల్లాలకు దీనితో పనేమిటి

బళ్లారిలో, కోలారులో, హోసూరులో, తిరుత్తణిలో, బరంపురంలో, రాయగడలో, నాందేడులో పెరిగిన తెలుగు పిల్లవాడు ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష, అంగడిలో మరొక భాష పలుకుతాడు. ఒకే గొంతుతో మూడు భాషలలో ప్రకటన చెప్పగలవాడు ప్రకటనకర్తకు మూడింతలు పనికివస్తాడు. మూడింతలు చెల్లిస్తున్నారా అన్నది వేరే మాట.

మన యాసకు కూడా ఇక్కడ ఒక పరీక్ష ఉంది. ముంబయిలో హిందీలో రాసిన ప్రకటనను తెలుగులోకి మార్చి, ఒకే మూసలో పోసిన గొంతుతో చెప్పించి, ఆ తెలుగునే అన్ని జిల్లాలకూ పంపడం ఆనవాయితీ. మన తెలుగు ప్రకటనలో వినబడిందంటే చాలాసార్లు నవ్వించే పాత్ర నోట వినబడుతుంది. కన్నడం తగిలిన తెలుగును, తమిళం తగిలిన తెలుగును, ఒడియా తగిలిన తెలుగును విలక్షణమైన గొంతుగా, నమ్మదగిన గొంతుగా ఎందుకు వినిపించరు? మన ఊరి కొనుగోలుదారుడిని మన ఊరి గొంతు కంటే బాగా ఎవరు ఒప్పించగలరు? మన పట్టణాలలో బట్టల దుకాణాలు, నగల దుకాణాలు, విద్యాసంస్థలు నడుపుతున్న తెలుగు వ్యాపారులకు నా మనవి ఇది. కేబుల్ టీవీలోనైనా, ఆటోకు కట్టిన మైకులోనైనా మీ ప్రకటనను మీ ఊరివారి చేతనే, మీ ఊరి తెలుగులోనే చెప్పించండి. వారికి న్యాయంగా చెల్లించండి. యంత్రం చౌకగా చెబుతుందని ఆశపడకండి. ఆ యంత్రం ఎవరో ఒకరి బిడ్డ గొంతునే అరువు తెచ్చుకొని ఉంటుంది, అడిగి తెచ్చుకున్నదో లేదో మీకు తెలియదు.

సంతకానికి ముందు

గొంతు అమ్ముకొని నాలుగు రూపాయలు సంపాదించదలచిన మన యువతీ యువకులకు, వారి తల్లిదండ్రులకు ఒక న్యాయవాదిగా కొన్ని సూచనలు చేస్తున్నాను.

1. ఏ సరుకు కోసం, ఏ మాధ్యమంలో, ఏ భాషలలో, ఏ ప్రాంతంలో, ఎంతకాలం అన్న అయిదు సంగతులూ కాగితం మీద ఉండాలి. "ఇప్పుడున్న, ఇకముందు రాబోయే అన్ని మాధ్యమాలలో, శాశ్వతంగా, విశ్వమంతటా" అనే వాక్యం కనబడితే కలం కింద పెట్టండి. విశ్వమంతటికీ గొంతు అమ్మేవారికి దక్కవలసిన వెల ఆ కాగితంలో ఉండదు.

2. "ఈ రికార్డింగును కృత్రిమ గొంతు తయారీకి గాని, యంత్ర శిక్షణకు గాని నా ప్రత్యేక లిఖిత అనుమతి లేకుండా వాడరాదు" అనే వాక్యాన్ని రాయించండి. నేటి సాధనాలకు కొద్ది నిమిషాల నమూనా చాలు. ఒప్పుకోదలచినవారు ఒప్పుకోవచ్చు; అది వేరే ఒప్పందం, వేరే ప్రతిఫలం కావాలి.

3. నమూనా పేరుతో అడిగినప్పుడు పూర్తి ప్రకటన చదివి పంపవద్దు. కొద్ది వాక్యాలు చాలు. అది నమూనాకే పరిమితమని ఉత్తరంలో రాసి పంపండి.

4. ప్రకటనలో పేరు వేయకపోయినా, గొంతు ఎవరిదో ఒప్పందంలోను, నిర్మాణ సంస్థ రికార్డులలోను ఉండేట్లు చూసుకోండి. ఈ ఒక్క పంక్తి విలువ పైన చెప్పాను.

5. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలు చేసిన ఒప్పందం 1872 నాటి ఒప్పందాల చట్టం ప్రకారం చెల్లదు. బడి ప్రకటనకో, చిరుతిండి ప్రకటనకో పిల్లల గొంతు అడిగితే తల్లిదండ్రులే చదివి, తామే సంతకం చేయాలి.

6. ఇంగ్లీషులో ఉన్న పత్రానికి తెలుగు అనువాదం అడగండి. అర్థం కాని భాషలో సంతకం చేయవలసిన తొందర ఏ ప్రకటనకూ లేదు.

7. ఒప్పందం ప్రతిని, చెల్లింపు రసీదును, రికార్డింగును తేదీతో సహా దాచుకోండి. మీ గొంతు అనుమతి లేనిచోట వినబడితే ముందు దానిని రికార్డు చేసి, తేదీ, సమయం రాసుకొని, ఆ తరువాత నోటీసు పంపండి. కోపం ముందు, సాక్ష్యం తరువాత అనుకునేసరికి ప్రకటన మాయమవుతుంది.

ఇవి వ్యక్తులు చేసుకోగలిగినవి. సమాజంగా మనం అడగవలసినవి వేరే ఉన్నాయి. ప్రసిద్ధి ఉన్నా లేకున్నా ప్రతి మనిషి గొంతుకు రక్షణ ఇచ్చే స్పష్టమైన చట్టం కావాలి. కృత్రిమమైన గొంతుతో వచ్చే ప్రకటన ఆ సంగతిని వినేవాడికి చెప్పితీరాలి. చనిపోయినవారి గొంతుపై కుటుంబానికి కొంతకాలమైనా మాట చెల్లాలి. పేరు వేయని ప్రదర్శకుడు ప్రదర్శకుడే కాడనడానికి వీలిచ్చే మినహాయింపును తొలగించాలి. మన ప్రాంతాల పార్లమెంటు సభ్యులు ఏ పార్టీవారైనా, ఏ భాషవారైనా, ఈ నాలుగింటిలో ఏదీ కాదనవలసినది కాదు. కన్నడిగుడి గొంతుకూ, తమిళుడి గొంతుకూ, ఒడియా గొంతుకూ, మరాఠీ గొంతుకూ ఇదే రక్షణ కావాలి. ఈ విషయంలో పొరుగువారు మనకు పోటీదారులు కారు, సహవాదులు.

భూమికి పట్టా ఉంది, ఇంటికి దస్తావేజు ఉంది. గొంతుకు ఇంతవరకు ఏ కాగితమూ లేదు. ఎవరూ అడగలేదు గనుక అవసరం పడలేదు. ఇప్పుడు అడుగుతున్నారు, అడగకుండానే తీసుకుంటున్నారు కూడా. గొంతును అమ్ముకోవడం తప్పు కాదు, అది గౌరవమైన వృత్తి. ఏమి అమ్ముతున్నామో, ఎంతకాలానికి అమ్ముతున్నామో తెలిసి అమ్మాలి. తెలియకుండా పోయినది అమ్మకం కాదు, నష్టం.